కొత్తిమీర పడనివాళ్ళకి చేపల పులుసులో ఏమేస్తారు? ఒక ఆకు బదులు ఇంకో ఆకు వాడేవాళ్ళు చెప్పండి

కందుకూరు_అత్తమ్మ
అందరికీ నమస్కారం. వచ్చే వారం కూతురూ అల్లుడూ వస్తున్నారు. అల్లుడుగారికి కొత్తిమీర బొత్తిగా గిట్టదు. కూరలో ఒక్క ఆకు కనబడినా ఏరి పక్కన పెడతారు, సబ్బు నమిలినట్టుంటుందంటారు. ఆయనకి మన నెల్లూరు చేపల పులుసంటే చాలా ఇష్టం. నాకేమో దించేముందు గుప్పెడు కొత్తిమీర వేయడం అలవాటు. బదులుగా పుదీనా వేయమని మా తోడికోడలు, మెంతికూర వేయమని పక్కింటావిడ. ఏది వేస్తే పులుసు రుచి చెడకుండా ఉంటుంది?

పులుసొక్కటే కాదు. రసం, కుర్మా, గారెల పిండి, పెరుగు పచ్చడి అన్నిట్లోనూ నాకు కొత్తిమీరే. ఒక్కోదానికి ఏం వేయాలో చెబితే ఆ వారం రోజులూ టెన్షన్ లేకుండా వండుకుంటాను.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు, మూలాపేట)
అక్కా, పులుసు సంగతి నేను చెబుతాను. నెల్లూరు పులుసుకి కొత్తిమీర ప్రాణం కాదు. దాని వాసన మూడింటి నుంచి వస్తుంది: పచ్చి మామిడికాయ, మెంతులు, కరివేపాకు. ఈ మూడూ సరిగ్గా పడితే కొత్తిమీర లేదని తినేవాళ్ళకి తట్టదు.

మెంతులు సన్నసెగ మీద ఎర్రబడేదాకా వేయించండి. నల్లబడితే చేదు, పచ్చిగా ఉంటే వాసన రాదు. అందులోనే జీలకర్ర, ధనియాలు కూడా వేయించి పొడి కొట్టి పక్కన పెట్టుకోండి. పులుసు తెర్లి చేపముక్కలు వేశాక, మామిడి ముక్కలు కూడా వేసి ఇక గరిటె పెట్టొద్దు. గిన్నె చెవులు పట్టుకుని తిప్పడమే. ముక్క ఉడికి నూనె పైకి తేలాక ఆ పొడి ఒక చెంచా చల్లి, నాలుగు కరివేపాకు రెబ్బలు చేత్తో నలిపి పైన వేసి మూత పెట్టేయండి. పొయ్యి కట్టేశాక వేసిన కరివేపాకు వాసన, తిరగమోతలో వేగిన కరివేపాకు వాసన ఒకటి కావు. దించాక వేసిందే కొత్తిమీర చోటు భర్తీ చేస్తుంది.

రాత్రి చేసి పొద్దున తినండి. మామిడి పులుపు, మెంతి వాసన ముక్కకి పట్టాలంటే ఆ మాత్రం టైం ఇవ్వాలి.

కావలి_కోడలు
పుదీనా మాత్రం పులుసులో వద్దు పిన్నీ. చింతపండు పులుపు మీద పుదీనా చల్లదనం పడితే చేప రుచి వెనక్కి పోతుంది. మా ఆడబిడ్డ వాళ్ళింట్లో అట్టా చేస్తారు, నాకైతే ముద్ద దిగదు.

కందుకూరు_అత్తమ్మ
మరి మెంతికూర? పక్కింటావిడ గట్టిగా చెబుతోంది.

పెన్నా_ఒడ్డు
మెంతిపొడి వేసే పులుసులో మళ్ళీ మెంతికూర ఎందుకక్కా. చేదు మీద చేదు అవుతుంది. పైగా ఆకు ఉడికి ముద్దగా ముక్కకి అంటుకుంటుంది. వేయాలనే ఉంటే కసూరీ మేతి చిటికెడు నలిపి వేయండి. ఆకు కనబడదు, వాసన ఉంటుంది. అప్పుడు మెంతిపొడి సగానికి తగ్గించండి.

రసాయనం_మాస్టారు (ఒంగోలు)
అల్లుడుగారి బాధ నిజమైనదేనని ముందు ఇంట్లో అందరికీ చెప్పండమ్మా. చాలా ఇళ్ళలో దీన్ని గారాబం కింద, పేచీ కింద జమకట్టేస్తారు. కొత్తిమీర ఆకు వాసనలో ఎక్కువ భాగం ఆల్డిహైడ్లు అనే పదార్థాలది. సబ్బుల్లోనూ అలాంటివే ఉంటాయి. కొందరి ముక్కు వాటిని మనకంటే గట్టిగా పసిగడుతుంది. ఓఆర్6ఏ2 అనే వాసన గ్రాహక జన్యువు దగ్గరి తేడాకీ, ఈ సబ్బు వాసనకీ సంబంధం ఉందని 2012లో వచ్చిన ఒక జన్యు పరిశోధన చూపించింది. జన్యువొక్కటే కారణం కాదు, చిన్నప్పటి అలవాటు కూడా ఉంటుంది. కానీ 'తింటే అదే అలవాటవుతుంది' అని బలవంతపెట్టడం మాత్రం న్యాయం కాదు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ధనియాలూ కొత్తిమీరా ఒకే మొక్కవి అయినా వాసన వేరు. ధనియాల వాసన ముఖ్యంగా లినలూల్ అనే వేరే పదార్థానిది. ఆకు పడని చాలామందికి ధనియాలతో ఏ ఇబ్బందీ ఉండదు. అందుకని సాంబారు పొడి, కూరపొడి మార్చుకోనక్కర్లేదు. ఆయన ఇప్పటిదాకా మీ ఇంటి సాంబారు తింటున్నారంటే ధనియాలు పడుతున్నట్టే.

ఇంకోటి. ఆకుని మెత్తగా నూరి కాసేపు ఉంచితే ఆ ఆల్డిహైడ్లు చాలావరకు విరిగిపోతాయి. పచ్చి ఆకు ముట్టనివాళ్ళలో కొందరు కొత్తిమీర పచ్చడి తింటారు. కానీ ఆయన్ని అడగకుండా ప్రయోగం చేయొద్దు.

కావలి_కోడలు
మాస్టారు గారు చెప్పింది చదివాక మా చిన్నాడి మీద కోపం పోయింది. వాడూ ఇంతే.

పిన్నీ, మిగతా వంటలకి నేను చేసేవి చెబుతా. రసానికి కొత్తిమీర బదులు కరివేపాకు, మిరియం, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి పొంగొచ్చే ముందు వేయండి. పొంగనిచ్చి వెంటనే దించాలి, మరిగితే ఆ వాసన ఆవిరిలో పోతుంది. గారెల పిండిలో కరివేపాకు సన్నగా తరిగి, అల్లం కాస్త ఎక్కువ. కుర్మాకి మాత్రం పుదీనా బాగా కుదురుతుంది, కొబ్బరి గసగసాల ముద్దతో కలిసిపోతుంది. కొత్తిమీర గుప్పెడు వేసేచోట పుదీనా ఎనిమిది, పది ఆకులు చాలు. అదే గుప్పెడు కొలత పుదీనాకి వాడితే కుర్మా అంతా పుదీనా పచ్చడి వాసనే.

పెరుగు పచ్చడికి ఏ ఆకూ వద్దు. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత చాలు.

సింగరాయకొండ_వంటిల్లు
పై పోస్టులన్నీ చదివాను. నాకు తోచిన మాట ఒకటి. ఏ ఆకైనా తీసేసేముందు అది ఆ వంటలో ఏ పని చేస్తోందో చూసుకోవాలి. కొత్తిమీర చివర్లో వాసన కోసం. గోంగూర పులుపుకీ, గుజ్జుకీ. పాలకూర ఒట్టి గుజ్జుకే. కరివేపాకు నూనెకి వాసన పట్టించడానికి. ఆ పని చేయగలిగేదాన్ని వెతుక్కోవాలి. పచ్చగా ఉందిగదా అని పెడితే కుదరదు.

మా ఇంట్లో ఎప్పుడూ వచ్చే తగవు గోంగూర, చుక్కకూరలది. గోంగూర దొరకనప్పుడు చుక్కకూర తెచ్చి అదే కొలతతో పచ్చడి చేసేస్తారు. రెంటిలోనూ పులుపు ఉంది, నిజమే. కానీ చుక్కకూర నీళ్ళకూర. పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాల్లో కరిగి నీరవుతుంది. గోంగూర బెండ కుటుంబానిది, దానికి జిగురు ఉంటుంది, నూనెలో మగ్గితే గుజ్జు కట్టి నిలబడుతుంది. అందుకని పప్పుకి చుక్కకూర హాయిగా వాడొచ్చు. గోంగూర రొయ్యలకి, మటన్‌కి వాడితే మాత్రం మసాలా ముక్కకి పట్టదు, పులుసులాగా జారిపోతుంది. తప్పనిసరైతే చుక్కకూరని విడిగా మగ్గబెట్టి, నీరంతా ఇగిరిపోయి నూనె వదిలాక అప్పుడు మాంసంలో కలపాలి. పులుపు చాలకపోతే నాలుగు మామిడి ముక్కలు.

గోంగూరలో కూడా ఎర్ర కాడది పులుపెక్కువ, తెల్లది తక్కువ. వంటకం ఎర్రదానితో అలవాటైనవాళ్ళు తెల్లది తెస్తే కాస్త చింతపండు కలుపుకోవాలి.

నిల్వ పచ్చడి దగ్గర మాత్రం ఈ మార్పులు చేయకండి. పులుపు, ఉప్పు, నూనె సరిపడా ఉంటేనే అది నెలల తరబడి పాడవకుండా ఉంటుంది. పులుపు లేని ఆకు వేసి పాత కొలతలే పెడితే బూజు పడుతుంది. మార్చి చేసుకున్నది ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో తినేయాలి.

రసాయనం_మాస్టారు
సింగరాయకొండ వారు చెప్పినదానికి చిన్న చేర్పు. చుక్కకూర, పాలకూర, గోంగూర మూడింట్లోనూ ఆక్సలేట్లు అనే, కిడ్నీలో రాళ్ళు కట్టడానికి కారణమయ్యే పదార్థాలు ఉంటాయి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే, ఒకటి మానేసి ఇంకోటి వేశాం కదా అని ధీమా పడొద్దు. డాక్టర్‌ని అడిగి తినాలి.

డల్లాస్_నెల్లూరమ్మాయి
నాది వేరే ఊరి కష్టం. ఇక్కడ కొత్తిమీర కట్టలు కట్టలు దొరుకుతుంది, కరివేపాకే బంగారం. ఇండియన్ స్టోర్‌లో ఒక్కో వారం ఉంటుంది, ఒక్కో వారం ఉండదు. నెట్‌లో చూస్తే నిమ్మతొక్క తురిమి తులసి కలిపి వేయమంటారు. అది చేసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఈసారి నెల్లూరు వచ్చినప్పుడు అమ్మ దగ్గర ఆరబెట్టి తెచ్చుకుందామనుకుంటున్నా.

పెన్నా_ఒడ్డు
చెల్లెమ్మా, కరివేపాకుకి బదులు లేదు. ఇది నా గట్టి అభిప్రాయం. నిమ్మతొక్క వేస్తే నిమ్మతొక్క వాసనే వస్తుంది. దొరకని రోజు ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి బాగా వేయించి తిరగమోత పెట్టుకో. కరివేపాకు లేని చారు తాగొచ్చు, నిమ్మతొక్క చారు తాగలేం.

దొరికిన వారం ఎక్కువ కొను. రెబ్బలు కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, ఆకులు దూసి గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టు. తీసినవి తీసినట్టే కాగిన నూనెలో వెయ్యి. రంగు నల్లబడుతుంది కానీ వాసన చాలావరకు ఉంటుంది. ఎండబెట్టిన దానికంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

పొదలకూరు_నిమ్మ
అమ్మాయ్, ఇక్కడి నుంచి కరివేపాకు పట్టుకెళ్ళే ఆలోచన మానుకో. మాది నిమ్మతోట కాబట్టి నాకీ విషయం తెలుసు. కరివేపాకు, నిమ్మ, బత్తాయి అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. సిల్లా అని చిన్న పురుగు ఉంటుంది, లేత చిగుళ్ళ మీద రసం పీలుస్తుంది. నిమ్మజాతి చెట్లని ఎండగొట్టే గ్రీనింగ్ తెగులుని మోసుకొచ్చేది అదే. కరివేపాకు మొక్క అంటే దానికి మహా ఇష్టం. అందుకనే అమెరికా వాళ్ళు మన దగ్గరి నుంచి వచ్చే కరివేపాకుని ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఫ్లోరిడా నారింజ తోటలు ఆ తెగులుతోనే దెబ్బతిన్నాయి. అక్కడి రైతు కూడా మనలాంటి రైతేగా.

అక్కడే నర్సరీలో సర్టిఫై చేసిన మొక్క దొరికితే కొనుక్కుని కుండీలో పెట్టుకో. చలికాలం ఇంట్లోకి తెచ్చుకో.

డల్లాస్_నెల్లూరమ్మాయి
ఈ సంగతి నాకు తెలీదు అంకుల్, చాలా థాంక్స్. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా. గోంగూరకి మాత్రం ఇక్కడ సారెల్ అని దొరుకుతుంది, అది మన చుక్కకూరకి దగ్గరి చుట్టం. పాలకూరతో కలిపి పప్పు చేస్తే బాగుంటుంది. సింగరాయకొండ ఆంటీ చెప్పినట్టు మటన్‌కి మాత్రం నీరైపోతుంది.

కుండీల_తోట (నెల్లూరు, వేదాయపాళెం)
ఇంకో వైపు నుంచి కూడా మాట్లాడుకుందాం. పిల్లలు ఇంట్లో పిజ్జా, పాస్తా చేయమంటున్నారు. రెసిపీలో ఒరేగానో, థైమ్, బేసిల్ అని ఉంటాయి. కొందరు వాటికోసం చెన్నై నుంచి తెప్పించుకుంటున్నారు. మన పెరట్లో ఉన్నదాన్ని ఎందుకు చూడరో అర్థం కాదు.

వాము ఆకు ఉందిగదా, బజ్జీలు వేసుకునే మందపాటి ఆకు. ఒరేగానోకి అది చాలా దగ్గర. ఒక ఆకు చివర తుంచి వేళ్ళ మధ్య నలిపి వాసన చూడండి, పక్కన పిజ్జా షాపువాళ్ళిచ్చిన ఒరేగానో పొట్లం విప్పి చూడండి, మీకే తెలుస్తుంది. కానీ ఘాటెక్కువ. నలుగురికి సరిపడా టమాటా సాస్‌కి రెండు ఆకులు సన్నగా తరిగి, ఉల్లిపాయతోపాటు నూనెలో మగ్గనివ్వాలి. పచ్చిగా పైన చల్లితే నాలుక మంట పుడుతుంది. థైమ్ అని రాసి ఉంటే చిటికెడు వాము నలిపి వేయండి, అదీ చివర్లో కాదు, నూనెలో.

రసాయనం_మాస్టారు
కుండీల తోట వారి ముక్కు సరైనదే. ఒరేగానో వాసన కార్వక్రాల్ అనే పదార్థానిది, వాము ఆకులోనూ అది ఉంది. థైమ్‌లోనూ వాములోనూ ఉండేది థైమాల్.

కావలి_కోడలు
బేసిల్ బదులు తులసి వేయొచ్చా? మా పాప అదే వేసేద్దామంటోంది.

కుండీల_తోట
వేయొద్దమ్మా. మన తులసిలో లవంగం వాసన ఉంటుంది, టమాటా సాస్‌లో వేస్తే కషాయంలా తయారవుతుంది. థాయ్‌లాండ్ వాళ్ళు ఆ రకాన్ని మాంసం వేపుళ్ళలో వాడతారు, అక్కడ వెల్లుల్లి, మిర్చి ఘాటుకి సరిపోతుంది. పాస్తాకి కుదరదు. పూజ చేసే మొక్క కాబట్టి వంటలో వేయని ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ మాటా మన్నించాలి.

దీనికి సులువైన దారి సబ్జా. ఎండాకాలం షర్బత్‌లో నానేసుకుంటామే, ఆ గింజలు బేసిల్ మొక్కవే. కిరాణా కొట్లో కొన్న సబ్జా గుప్పెడు కుండీలో చల్లి పైన పల్చగా మట్టి చల్లితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. ఆకులు ఇటలీ రకమంత పెద్దవి రావు, సోంపు వాసన కొంచెం ఎక్కువుంటుంది. అయినా తులసికంటే ఎంతో దగ్గర. పూత వెన్ను కనబడగానే తుంచేస్తుండండి. పూత పడితే ఆకు చేదెక్కుతుంది. మే ఎండకి మధ్యాహ్నం నీడ కావాలి.

సింగరాయకొండ_వంటిల్లు
బిర్యానీ ఆకు గురించి కూడా రాద్దామనుకున్నా. ఇంగ్లీష్ రెసిపీల్లో బే లీఫ్ అనేది మన బిర్యానీ ఆకు కాదు. మనది దాల్చినచెక్క చెట్టుకి చుట్టం, ఆకు మీద నిలువుగా మూడు ఈనెలు ఉంటాయి, దాల్చిన వాసన వస్తుంది. వాళ్ళదానికి నడిమి ఈనె ఒక్కటే, వాసన వేరు. సూప్‌లో మనది వేస్తే సూప్ పలావు వాసన కొడుతుంది. అలాంటప్పుడు మానేయడమే మంచిది.

పెన్నా_ఒడ్డు
పలావంటే గుర్తొచ్చింది. కుండీల్లో పాండన్ అని కత్తిలాంటి పొడుగాకుల మొక్క పెంచుతున్నారుగా, అది ఒక ఆకు ముడివేసి మన నెల్లూరు సన్నబియ్యంలో వేసి వండండి. బాస్మతి వాసన వస్తుంది. రెంటిలోనూ వాసన పదార్థం ఒకటేనట, మాస్టారు చెప్పాలి.

రసాయనం_మాస్టారు
అవును, ఒకటే. ఉడికాక ఆకు తీసేయండి, తినేది కాదు.

కావలి_కోడలు
నాకో అనుమానం. ఒకే జిల్లాలో ఒక్కో చోట ఒక్కో ఆకు ఎందుకు పట్టుకుని కూర్చుంటారు? మా పుట్టిల్లు గిద్దలూరు వైపు. అక్కడ చేపల పులుసులో మామిడికాయ వేయడం నేను చూడలేదు.

సింగరాయకొండ_వంటిల్లు
ప్రకాశం జిల్లానే అట్టా పుట్టింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేశారు. ఒంగోలు వైపు గుంటూరు చేతివాటం, గోంగూర లేనిదే పూట గడవదు. కందుకూరు వైపు నెల్లూరు వంట, మామిడికాయ పులుసు. గిద్దలూరు వైపు కర్నూలు వంట. జిల్లా గీతలు ఎన్నిసార్లు మార్చినా పొయ్యిమీద గిన్నె మారదు.

చింతచిగురు ఒక్కటి మాత్రం అందరిదీ. వేసవిలో చిగురు వచ్చినప్పుడు ఎండు రొయ్యలతో వండుకుంటే గోంగూరకి బదులూ కాదు, చుక్కకూరకి బదులూ కాదు, దానికదే. ఎండబెట్టి నలిపి సీసాలో పెట్టుకుంటే ఏడాదంతా పప్పుకి పులుపుగా పనికొస్తుంది.

కందుకూరు_అత్తమ్మ
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ చేతులెత్తి నమస్కారం. పులుసు పెన్నా ఒడ్డు తమ్ముడు చెప్పినట్టే చేస్తాను. జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట లేదు కాబట్టి బొచ్చె చేపే తెస్తున్నా. కుర్మాకి పుదీనా, రసానికి దంచిన కరివేపాకు ఖాయం.

ఇక ఒకటే ప్రశ్న. ఈ ఎండలకి ఆకుకూరలు పొద్దున తెస్తే సాయంత్రానికి వాడిపోతున్నాయి. పుదీనా, కరివేపాకు ఎండబెట్టి పెట్టుకుంటే పచ్చివాటి బదులు ఎంత వేయాలి? నిరుడు కొత్తిమీర ఎండబెట్టిన ఒకావిడ గడ్డి వాసన వచ్చిందని చెప్పింది.

కుండీల_తోట
కొత్తిమీర ఎండబెట్టేది కాదమ్మా. దాని వాసన ఇట్టే ఎగిరిపోతుంది, ఆమె చెప్పింది నిజం. ఎండబెడితే బాగుండేవి పుదీనా, మెంతికూర, వాము ఆకు. నీడలో, ఫ్యాన్ కింద, గుడ్డ మీద పల్చగా పరిచి ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. ఆకు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే, సీసాలో పెడితే బూజు పడుతుంది. కొలత ఏమంటే, తరిగిన పచ్చి ఆకు మూడు చెంచాలు వేసేచోట ఎండినది ఒక చెంచా. వేసేముందు అరచేతిలో నలపండి. పచ్చి ఆకు దించేముందు వేస్తాం కదా, ఎండినది పది నిమిషాలు ముందే వేయాలి, ఉడికితేనే వాసన విప్పుకుంటుంది.

కరివేపాకు మాత్రం ఎండబెట్టి కూరల్లో వేయొద్దు. దోరగా వేయించి కారప్పొడి చేసుకోండి, దానికైతే ఎండాకు పచ్చాకు అనే తేడా రాదు.

కావలి_కోడలు
కొత్తిమీర వాడే ఇళ్ళవాళ్ళు కాడలు పారేయకండి. ఆకు కంటే కాడలో వాసన ఎక్కువసేపు నిలుస్తుంది, ఉడికినా అంతగా పోదు. మేలో కట్ట రేటు పెరిగినప్పుడు నేను కాడలు సన్నగా తరిగి కూర ఉడికేటప్పుడే వేసేసి, ఆకులు పచ్చడికి దాచుకుంటా. వేళ్ళు కూడా శుభ్రంగా కడిగి అల్లంవెల్లుల్లితో నూరొచ్చు.

పెన్నా_ఒడ్డు
కాడల మాట నిజం. మా వీధి చివర కూరగాయలమ్మే ఆమె అడిగితే కాడలు విడిగా ఇస్తుంది, ఊరికే.